బయటి మనిషి సంతకం

పాత నిల్వ చెప్పాకే కొత్త సరుకు విప్పడం మా దుకాణం పద్ధతి. కాబట్టి ఈ వారం కథ విప్పేముందు కిందటి వారం రాసినదాని నిల్వ చెబుతాను.

మాది అద్దాల దుకాణం. కిటికీ అద్దాలు, అల్మారా అద్దాలు, ఫోటో ఫ్రేములు అమ్ముతాం. ముందు గదిలో బేరం నాది, వెనక గదిలో కోత మా ఆయనది. బజారంతా ఆయన్ని ఒకగీత మాస్టారు అంటారు. అద్దం మీద కట్టర్‌తో ఒక్కసారే గీస్తాడు, మళ్లీ తాకడు. బల్ల అంచుకు చేర్చి వంచితే అద్దం ఆ గీత వెంటే విడిపోతుంది. మా దుకాణం నడిచేది ఆ పేరు మీదే. ఇప్పుడు ఆ చెయ్యి వణుకుతోంది. ఆ సంగతి బయట ఎవరికీ తెలియనివ్వలేదు. వెనక గది తలుపు మూసి ఆయన పక్కన నిలబడి కొలతలు చెబుతాడు, కోసేది మాత్రం మా అమ్మాయి. అది యూనివర్సిటీలో లైబ్రరీ సైన్సు ఆఖరి సంవత్సరం చదువుతోంది. మాకున్న పెద్ద ఆర్డరు కూడా ఆ యూనివర్సిటీ కొత్త లైబ్రరీ కిటికీలదే. లైబ్రరీ గురించి చదవాల్సిన పిల్ల లైబ్రరీకి అద్దాలు కోస్తూ ఉండిపోయింది. ఆఖరి ప్రాజెక్టు రిపోర్టు ఎల్లుండి ఇవ్వాలి, సగం కూడా కాలేదు. ఇవ్వకపోతే ఏడాది పోతుంది. గడువు పొడిగించమని అడగడానికి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. గడువుల మేడం గది ముందు మేం వరసలో నిలబడేసరికి పోయినసారి నేను రాసే కాగితం అయిపోయింది.

ఆ వరస ఇంకా కదల్లేదు.

గోడ పొడవునా పిల్లలు నిలబడి ఉన్నారు. ఒకడి చేతికి కట్టు ఉంది. ఒకమ్మాయి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒకడు తనలో ఏ రోగమూ కనపడకపోయేసరికి, రానిదాన్ని రప్పించుకోవాలన్నట్టు దగ్గుతున్నాడు. వాళ్లందరి మొహాల్లో ఉన్నది నాకు కొత్త కాదు. మాకు సరుకిచ్చే కంపెనీ ఆఫీసులో, ఇంకో నెల ఆగండి అని అడగడానికి వచ్చినవాళ్లు బెంచీ మీద అలాగే కూర్చుంటారు. గడువు అడగబోయేవాడు ఏ ఊళ్లో ఉన్నా చూపులు మాత్రం నేలమీదే ఉంటాయి.

"లోపల నువ్వు మాట్లాడకమ్మా," అంది మా అమ్మాయి.

"మాట్లాడను."

"బేరం అసలు ఆడకు."

"ఆడనంటున్నానుగా. నేనేమన్నా బేరానికి పుట్టానా?"

"అవును," అంది.

మా వంతు వచ్చింది. చిన్న గది. మేడం ఎదురుగా ఉన్న మూడు కుర్చీల్లో ఒకదాన్నిండా ఫైళ్లే. మేడంకి నా వయసే ఉంటుంది. కళ్లజోడు తీసి ముక్కు మీద నొక్కుకుంటోంది. మేం కూర్చోకముందే అడిగింది.

"అనారోగ్యమా, మరణమా, ప్రమాదమా?"

మా దుకాణంలో నేను మూడు మిల్లీమీటర్ల అద్దమా, అయిదా అని అడిగినట్టే అడిగింది. నాకు కోపం రాలేదు. పొద్దున్నుంచీ ఒకే ప్రశ్న అడిగే నోరు అలాగే అవుతుంది. అందులో జాలి పోయిందని కాదు, అరిగిందంతే.

"అనారోగ్యం మేడం. ఇంట్లో," అంది అమ్మాయి.

"ఎవరికి?"

అది నా వైపు చూసింది. బస్సులో వచ్చేటప్పుడు ఇద్దరం అనుకున్న మాట ఒకటుంది. జబ్బు ఎవరికన్నది చెప్పకూడదు. ఇంట్లో పెద్దవాళ్లకి అని ఊరుకోవాలి.

"ఇంట్లో పెద్దవాళ్లకండీ," అన్నాను నేను.

"మీరు వాళ్ల అమ్మగారా?"

"అవునండీ."

"మీరు బాగానే ఉన్నారుగా. మరి ఇంకెవరు పెద్దవాళ్లు?"

ఆవిడ కసురుకోలేదు, మామూలుగానే అడిగింది. అమ్మాయి ఒళ్లో చేతులు బిగించి పట్టుకుంది. బొటనవేలికి ప్లాస్టర్ ఉంది. దాని అంచు నల్లబడింది.

"మా నాన్నకి మేడం," అంది. "చెయ్యి వణుకుతుంది. కుడి చెయ్యి."

ఆ మాట మా గడప దాటి బయటికి రావడం అదే మొదలు. నేను లేచి వెళ్లి ఆ గది తలుపు మూశాను. అప్పటిదాకా అది తెరిచే ఉంది. బయట దగ్గుతున్న కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

"నాన్నగారికి నువ్వేం చేస్తుంటావు?" అంది మేడం.

"గడ్డం గీస్తాను. చొక్కా బొత్తాలు పెడతాను. కంచం దగ్గర కూర్చుంటాను, అమ్మ దుకాణంలో ఉంటుంది కాబట్టి. తర్వాత ఆయన పని చేస్తాను."

"ఆయన పని అంటే?"

దాని కాలు తొక్కుదామనుకున్నాను. అందలేదు.

"అద్దాలు కోస్తాను మేడం."

మేడం కలం ఆగిపోయింది.

"అంటే దుకాణంలో పనిచేస్తున్నావా?"

"పని కాదు మేడం. నాన్న బదులు."

"నాన్న బదులైనా అది పనేగా?" మేడం కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "చూడమ్మా, ఇక్కడ రెండు దార్లున్నాయి. ఇంట్లో జబ్బుమనిషిని చూసుకుంటూ చదువు ఆలస్యమైతే గడువు ఇస్తాం. ఉద్యోగం చేస్తూ ఆలస్యమైతే ఇవ్వం. ఎందుకివ్వం అంటే, బయట నిలబడ్డవాళ్లలో సగంమంది ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్లే. ఒక్కరికిస్తే అందరికీ ఇవ్వాలి." తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, మీ అమ్మాయికి జీతం ఇస్తున్నారా?"

ఇన్నేళ్ల వ్యాపారంలో నన్నెవరైనా డబ్బు మాట అడిగితే, ప్రశ్న పూర్తవకముందే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈసారి మాత్రం ఎంత వెదికినా దొరకలేదు. ఇస్తున్నాను అంటే అది ఉద్యోగం, గడువు లేదు. ఇవ్వడం లేదు అంటే కూతురు చేత ఊరికే చాకిరీ చేయించుకుంటున్న తల్లిని. ఎటు తూచినా ముల్లు నా మీదకే వస్తోంది.

"ఇంటి పిల్లకి జీతం ఏంటండీ?" అన్నాను చివరికి.

"అయితే ఊరికే చేయించుకుంటున్నారా?"

"చేయించుకోవడం ఏంటి మేడం. తిండి పెడుతున్నాం, ఫీజు కడుతున్నాం, చెప్పులు కొంటున్నాం."

"అది జీతం కింద లెక్కా?"

"ఛ, అది తల్లితనం కింద."

మేడం నవ్వబోయి ఆపుకుంది. "మిమ్మల్ని పట్టుకోవాలని అడగడం లేదమ్మా. రేపు సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. అక్కడ ముందు అడిగేది ఇదే. నేను ఇప్పుడు అడిగితే మీరు ఇప్పుడే ఆలోచించుకుంటారు. అంతే."

అప్పుడు అర్థమైంది నాకు. ఈ మనిషి తలుపు వేసేసి కూర్చోలేదు. ఆవిడ చేతిలో ఉన్నది కొంచెమే, ఆ కొంచెం మాకివ్వాలని చూస్తోంది. సరుకు తక్కువున్నప్పుడు తెలిసిన ఖాతాదారు కోసం పక్కన పెట్టే దుకాణదారు మొహం అది.

"డాక్టరు సర్టిఫికెట్ ఉందా?"

"లేదండీ."

"ఎందుకు లేదు?"

దీనికి జవాబు నాకు తెలుసు కానీ చెబితే పిచ్చివాళ్లమనుకుంటారు. మా ఆయన డాక్టరు దగ్గరికి రానన్నాడు. డాక్టరు పేరు పెట్టేదాకా ఇది వణుకేనట, పేరు పెట్టాక జబ్బట. జబ్బని తెలిస్తే కాంట్రాక్టర్లు మొహం చాటేస్తారని ఆయన భయం, నా భయం కూడా. కిందటి వారం నేనే ఆయన్ని బతిమాలి నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాను. పై నెల రమ్మన్నారు.

"పై నెల దొరికిందండీ అపాయింట్‌మెంటు," అన్నాను.

"పై నెల దేనికి పనికొస్తుంది?" మేడం ఒక నిమిషం కిటికీలోంచి చూసింది. ఆ కిటికీ అద్దం మాది కాదు. పక్క బజారువాళ్ల కోత, మూల దగ్గర పలుకు లేచింది. "సర్టిఫికెట్ లేకపోతే ఇంకొక్క దారి ఉంది. బయటి మనిషి ఎవరైనా, మీ బంధువు కాకూడదు, ఒక హోదాలో ఉన్నవాళ్లు, మీ ఆయన పరిస్థితి కళ్లారా చూశానని రాసి సంతకం చెయ్యాలి. రేపు ఆఫీసు మూసేలోపు తీసుకురండి. తెస్తే కమిటీ ముందు నేను మాట్లాడతాను."

"నేను రాసిస్తే?"

"మీరు ఇంటి మనిషి."

"మా పక్కన బట్టల దుకాణం ఆయన ఉన్నాడు. పెద్దమనిషి. వర్తక సంఘం కార్యదర్శి."

"చూశాడా ఆయన?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. చూడకుండా చూసుకున్నాం మరి. ఖాతాదారు వస్తే ఆయన చెయ్యి జేబులోకి వెళ్తుంది, నేను మాట అందుకుంటాను, అమ్మాయి వెనక గదిలోకి పోతుంది. ముగ్గురం ఒక్క మాటైనా అనుకోకుండా ఆ పద్ధతికి అలవాటు పడిపోయాం. దాచడంలో మేం చూపించిన నేర్పంతా ఇప్పుడు మాకే అడ్డం తిరిగింది.

"పోనీ మేడం, అడిగినంత గడువు వద్దు. సగం ఇవ్వండి," అన్నాను.

"అమ్మా!" అంది అమ్మాయి.

"సగం అని ఉండదమ్మా ఇక్కడ," అంది మేడం.

తలుపు దగ్గర ఆగాను. "ఇంకొక్క మాటండీ. మీ కొత్త బిల్డింగుకు అద్దాలిచ్చేది మేమే. ఆయన చెయ్యి సంగతి వాళ్లదాకా పోతుందా?"

మేడం కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎందుకు తలుపు మూశానో ఆవిడకి అప్పుడు తెలిసినట్టుంది.

"ఈ గది దాటదు," అంది.

ఈ గది దాటదు అనే మాట బజారులో నేనూ చాలామందికి ఇచ్చాను. దాని విలువ నాకు తెలుసు. అయినా పుచ్చుకోక తప్పలేదు.

బస్సులో ఇద్దరికీ చోటు దొరికింది. అమ్మాయి కిటికీ పక్క కూర్చుని తల వెనక్కి వాల్చింది. దాని మెడ మీద సన్నటి గాజు పొడి మెరుస్తోంది. స్నానం చేసినా పోదది.

"నాన్నని అడగొద్దు," అంది కళ్లు మూసుకునే.

"అడగక?"

"ఏడాది పోతే పోనీ. మళ్లీ రాస్తాను. బయటివాళ్లని పిలిచి చెయ్యి చూపించమని నాన్నకి నేను చెప్పలేను. నువ్వూ చెప్పకు."

"ఏడాది పోవడం అంటే ఏంటో తెలుసా నీకు? పోయిన ఏడాది మళ్లీ ఏ గోదాములోనూ దొరకదు."

"నాన్న పేరు దొరుకుతుందా?"

లెక్కలో నన్ను మించిపోతోంది ఇది. కాసేపటికి అదే మళ్లీ అంది. "నిజం చెప్పు. జీతం ఇవ్వాల్సి వస్తే ఎంతిచ్చేదానివి నాకు?"

"నీకా? ముందు తరుగు తీసేస్తాను. పగలగొట్టినవన్నీ."

"ఎన్ని పగలగొట్టానేంటి?"

"మొదటి వారం సంగతి చెప్పమంటావా? చెత్తబండి వాడు మన ఇంట్లో గొడవలేమోనని అడిగాడు."

పకపకా నవ్వింది. నవ్వుతూనే తల నా భుజం మీద పెట్టింది, మరుక్షణం నిద్రపోయింది. రాయాల్సిన సగం రిపోర్టు దాని సంచిలో ఉంది. ఆ సంచిని కిందపడకుండా నేను కాలితో ఒత్తి పట్టుకున్నాను. రోడ్డు గతుకుల్లో దాని తల ఎగిరి మళ్లీ నా భుజానికే తగులుతోంది. ఈ వయసు పిల్ల పట్టపగలు బస్సులో ఇలా ఒళ్లెరగకుండా నిద్రపోవడం ఏ లెక్కకీ మంచిది కాదు.

దిగి వీధి మలుపు తిరగ్గానే మా దుకాణం ముందు స్కూటరు కనపడింది. ముందు చక్రం మీద సిమెంటు మరకలున్నాయి.

"టేపు సారు," అంది అమ్మాయి. దాని గొంతు మారిపోయింది.

యూనివర్సిటీ బిల్డింగు పనుల సూపర్‌వైజరు ఆయన. కొలిచే టేపు ఎప్పుడూ చేతిలో ఉంటుంది, మాట్లాడేటప్పుడు లాగుతూ వదులుతూ ఉంటాడు. ఆ పేరు మేం పెట్టిందే, ఆయనకి తెలియదు. చెడ్డవాడు కాదు కానీ, కన్ను మాత్రం చెడ్డది. గోడ చూసి వెంట్రుకవాసి వంకర చెబుతాడు.

ఇన్నాళ్లలో మా ఆయన్ని ఖాతాదారుతో ఒంటరిగా వదిలింది లేదు. ఎవరో ఒకరం ఉండేవాళ్లం. ఇవాళ ఇద్దరం గడువు అడగడానికి పోయాం. సరిగ్గా ఇవాళే వచ్చాడు.

లోపలికి వెళ్లేసరికి వెనక గది తలుపు బార్లా తెరిచి ఉంది. కోత బల్లకు అటువైపు మా ఆయన, ఇటువైపు టేపు సారు. మా ఆయన చెయ్యి జేబులో ఉంది.

"రండమ్మా, మీ కోసమే చూస్తున్నాను," అన్నాడు టేపు సారు. "మూడో అంతస్తు కిటికీలు బిగించాం. అద్దాలు కూర్చున్నాయి, కానీ నాలుగైదు చోట్ల పుట్టీ ఎక్కువ పెట్టి నొక్కాల్సి వచ్చింది. ఒకగీత మాస్టారి అద్దానికి పుట్టీ ఎక్కువ పట్టడం నేనెప్పుడూ చూడలేదు. కొలత తప్పలేదు, గీత తప్పింది. ఏంటి మాస్టారూ అంటే చెప్పరు. సరే, ఒక్కటి నా ముందు కోయండి, చూసి వెళ్లిపోతాను అంటున్నాను. అది కూడా కుదరదంటారా?"

"కుదరదని అనలేదు," అన్నాడు మా ఆయన.

అని నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అబద్ధం అడిగే చూపు. నా దగ్గర ఎప్పుడూ రెండు మూడు తయారుగా ఉంటాయి. కట్టర్ చక్రం అరిగింది, రేపు కొత్తది వస్తుంది అనొచ్చు. ఆయన కంట్లో పలుకు పడింది అనొచ్చు. లేదంటే ఇంత మంచి మనిషి వచ్చాడు, మంచినీళ్లైనా ఇవ్వలేదు అంటూ ముందు గదిలోకి తీసుకుపోవచ్చు. ఏది చెప్పినా టేపు సారు నమ్మినా నమ్మకపోయినా ఇవాళ్టికి వెళ్లిపోతాడు.

నోటిదాకా వచ్చింది. అక్కడ ఆగింది.

ఇతను బయటి మనిషి, బంధువు కాడు. హోదా ఉంది, పైగా ఆ యూనివర్సిటీ మనిషే. కళ్లారా చూస్తానని తనంతట తానే వచ్చి నిలబడ్డాడు. రేపు సాయంత్రంలోపు ఇలాంటివాణ్ని నేనెక్కడ వెదకను? కానీ చూస్తే ఆర్డరు పోతుంది. ఆర్డరుతో బజారులో ఆయన పేరూ పోతుంది. ఒక పక్క అది. ఇంకో పక్క, బస్సులో నా భుజం మీద పడి నిద్రపోయిన పిల్ల. బరువు తూచడం నాకు బాగా వచ్చు. తూచాక చెయ్యి వదలడమే చేతకాలేదు ఎప్పుడూ.

నేను చెప్పలేదు. కౌంటరు మీద గుడ్డ తీసుకుని లేని దుమ్ము తుడిచాను.

మా ఆయన ఇంకాసేపు నా కోసం చూశాడు. తర్వాత చూడడం మానేశాడు.

"నాన్నా, స్కేలు నేను పట్టుకుంటాను," అంది అమ్మాయి.

"వద్దమ్మడూ."

"పోనీ నేనే..."

అంటూనే తనే ఆగిపోయింది. యూనివర్సిటీ మనిషి ముందు కట్టర్ పట్టుకుంటే అది ఉద్యోగం చేస్తున్నట్టే. పట్టుకోకపోతే నాన్న పట్టుకోవాలి. దాని చేతులు వెనక్కి పోయాయి, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

మా ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. కిరోసిన్ గిన్నెలో కట్టర్ ముంచాడు. గిన్నె అంచుకు కట్టర్ తగిలి టకటక చప్పుడైంది. టేపు సారు టేపు లాగడం ఆపేశాడు. ఎడంచేత్తో స్కేలు నొక్కి పట్టి మా ఆయన గీత మొదలుపెట్టాడు. ఆయన గీత గీస్తే గుడ్డ చింపినట్టు ఒకటే పొడుగాటి చప్పుడు వచ్చేది. పెళ్లయిన కొత్తలో నేను ముందు గదిలో కూర్చుని ఆ చప్పుడు వినే అద్దం సైజు చెప్పేదాన్ని. ఇప్పుడు అది తెగి తెగి వచ్చింది. మధ్యలో చక్రం స్కేలు అంచు దాటి పక్కకు జారింది. ఆయన ఆపలేదు. చివరిదాకా గీశాడు. బల్ల అంచుకు చేర్చి వంచాడు.

అద్దం గీతని వదిలేసి అడ్డంగా పోయింది. పెద్ద ముక్క నేలమీద పడి పగిలింది.

బయట ఎవరో స్కూటరు తియ్యమని హారన్ కొడుతున్నారు.

"ఎన్నాళ్ల నుంచి మాస్టారూ?" అన్నాడు టేపు సారు. మెల్లగా అన్నాడు.

"మీ ఆర్డరు ఒప్పుకోకముందు నుంచే," అన్నాడు మా ఆయన. "కూర్చోండి సారూ. గాజు తొక్కుతారు."

చీపురు కోసం అమ్మాయి వంగింది. ఏడుస్తోందని వీపు చూస్తే తెలిసిపోతోంది.

ఇక ఆగితే ఆ సంతకం కూడా దక్కదు. గుడ్డ పక్కన పెట్టాను.

"సార్, మీరు చూశారుగా?" అన్నాను.

"చూశానమ్మా."

"చూసింది రాసిస్తారా? సంతకంతో?"

టేపు సారు నోరు తెరిచి నన్ను చూశాడు. మా ఆయన కూడా. అమ్మాయి చీపురు పట్టుకునే లేచి నిలబడింది.

"అమ్మా, నీకేమైనా మతిపోయిందా?"

"నువ్వు ఊడువు," అన్నాను. తర్వాత టేపు సారుకు జరిగిందంతా చెప్పాను. పిల్ల చదువు, ఎల్లుండి గడువు, మేడం, కమిటీ, బయటి మనిషి. ఒక్కటి మాత్రం చెప్పలేదు, కోసేది ఎవరో. అది ఆయనే అడిగేదాకా ఆగొచ్చనుకున్నాను.

"అంటే," అన్నాడు టేపు సారు, "ఆర్డరు రద్దు చేయాలా వద్దా అని నేను తలపట్టుకుంటుంటే, మీరు నా దగ్గర సంతకం అడుగుతున్నారా?"

"ఆర్డరు సంగతి మీ ఇష్టం సార్. మీ బిల్డింగు, మీరు ఆలోచించుకోండి. సంతకం మాత్రం ఇవాళే కావాలి."

"మాస్టారూ, ఈవిడతో ఎలా వేగుతున్నారండీ?"

"అలవాటైపోయింది," అన్నాడు మా ఆయన. నవ్వలేదు. ఆయన నా మొహం చూడకుండా ఆ మాట అన్నాడు. నేను అబద్ధం ఎందుకు చెప్పలేదో ఆయనకి అర్థమైపోయింది. అర్థమైనంత మాత్రాన తేలికవుతుందా?

టేపు సారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. టేపు జేబులో పెట్టి కలం తీశాడు. "రాస్తానమ్మా. ఈ పిల్ల ఏడాది నా వల్ల పోవడం నాకొద్దు. కానీ రాస్తే చూసిందంతా రాయాలి. మాస్టారి చెయ్యి ఇన్నాళ్లుగా ఇలా ఉందని కింద నా సంతకం పెట్టాక, మరి మూడంతస్తుల అద్దాలు కోసిందెవరు అని మా ఆఫీసులో నన్నే అడుగుతారు. నేనేం చెప్పను? ఎవరు కోశారు?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. నిజం చెబితే మేడం అడిగిన జీతం మాట మళ్లీ కమిటీ ముందుకు వస్తుంది. అబద్ధం చెబుదామంటే, అద్దం ముక్కలు ఇంకా నేలమీదే ఉన్నాయి.

మా ఆయన బల్ల చుట్టూ తిరిగి ముందుకు వచ్చాడు. ఆ చెయ్యి జేబులోకి పోలేదు. బల్ల మీద పెట్టాడు. అది వణుకుతూనే ఉంది, ఆయన దాన్ని వణకనిచ్చాడు.

"రాసుకోండి సారూ," అన్నాడు. "కోసింది నా కూతురు. కానీ నా దగ్గర పనికి కుదిరి కాదు. ఈ దుకాణం దానిదే. మొన్న వెళ్లి లైసెన్సు దాని పేరుకు మార్పించేశాను."

మొన్న క్షౌరశాలకి వెళ్తున్నానని చెప్పి పొద్దున్నంతా రాని మనిషి. జుట్టు అలాగే ఉందేంటని కూడా నేను అడగలేదు. ఎవరి దగ్గర ఎంత సరుకుందో మొహం చూసి చెప్పే నేను, నా ఇంట్లో నా పక్కన పడుకునే మనిషి దుకాణం మొత్తం చేతులు మార్చేస్తే కనిపెట్టలేకపోయాను. తన చెయ్యి సంగతి మా ఇద్దరికంటే ముందు ఆయనే లెక్కకట్టుకున్నాడు. ఆ లెక్క కట్టేటప్పుడు కూతురికి ఏదో ఇస్తున్నాననుకున్నాడు. పనిచేసేవాళ్లకే గడువు లేదన్నవాళ్లు, యజమానికి ఇస్తారా?

"నాన్నా," అంది అమ్మాయి.

టేపు సారు రాయబోయిన కాగితం పక్కన పెట్టాడు. స్టూలు మా ఆయన వైపు నుంచి, నా వైపు నుంచి జరుపుకుని, చీపురు పట్టుకుని నిలబడ్డ పిల్లకు ఎదురుగా తిప్పుకున్నాడు.

"అయితే అమ్మా, ఇక నేను మాట్లాడాల్సింది నీతో," అన్నాడు. గొంతులో మర్యాద కూడా మారింది. "ఆర్డరు రద్దు చేయనా, ఉంచనా? ఉంచమంటే నాలుగో అంతస్తు అద్దాలు మిగిలాయి. ఎల్లుండికి కావాలి. గీత తప్పకూడదు. ఇవ్వగలరా?"

మా అమ్మాయి చీపురు గోడకు ఆనించింది. మొహం తుడుచుకుంది. నా వైపు చూడకుండా, వాళ్ల నాన్న వైపు కూడా చూడకుండా, ఎవర్నీ అడగకుండా జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.